అడిగినవారికే అందెడి మాట

(ప్రసంగ పాఠము)



ఒకరి మాట పలువురికి చేరవలసినప్పుడు లోకమున రెండు మార్గములు అనాదిగా ఉన్నవి. ఒకటి ఉత్తరము, రెండవది దండోరా. ఉత్తరము పేరు పేరున వ్రాయబడును. నూరుగురికి చేరవలెనన్న నూరు ఉత్తరములు వ్రాయవలెను, నూరు బిళ్ళలు అంటింపవలెను. దండోరా ఒక్కమారు వేసిన చాలును. కాని అది వినవలసినవారి చెవినే గాక, దానితో నిమిత్తము లేనివారి చెవిని కూడ పడును. మగతగా కన్ను మూసిన రోగిని కూడ లేపి కూర్చుండబెట్టును. మొదటిదానిలో శ్రమ చెప్పువానిది. రెండవదానిలో బాధ విననొల్లనివానిది. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గము ఒకటి ఉండరాదా? చెప్పువాడు ఒక్కమారే చెప్పవలెను, వినగోరినవారందరును వినవలెను, వినగోరనివాని గడప ఆ మాట తొక్కరాదు. కంప్యూటర్ల నెట్‌వర్కునందు ఈ మూడవ మార్గమును నిర్మించు విద్యకే మల్టీకాస్ట్ రౌటింగు అని పేరు. నేటి ప్రసంగమునకు విషయము అదియే.

ఇది ఇంజనీర్ల గొడవ, కార్యాలయోద్యోగులకు దీనితో నేమి పని అని తోచవచ్చును. ఒక చిన్న లెక్క చూచిన ఆ సందేహము తీరును. నాలుగు భవనములలో, భవనమునకు నూరు చొప్పున, 400 మేజాలపై కంప్యూటర్లు గల కార్యాలయమునొకదానిని ఊహించుకొనవచ్చును. శాఖాధిపతి ప్రసంగమును అందరును తమ తమ స్థానములనుండియే చూడవలెనని ఉత్తరువు వెలువడినది. చిత్రమును శబ్దమును కలిసి సెకనుకు 2 మెగాబిట్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతి పంపినచో, పంపెడి యంత్రము సెకనుకు 800 మెగాబిట్లు వెలువరింపవలెను; ఒక్కొక్క భవనమునకు 200 మెగాబిట్లు పోవలెను. భవనముల నడుమనున్న తీగ 100 మెగాబిట్లదే అయినచో ప్రసంగము ముక్కలు చెక్కలగును. అంతటితో పోదు, ఆ తీగపైననే నడచుచున్న జీతముల బిల్లులును, ఫైళ్ళును, ఉత్తరప్రత్యుత్తరములును స్తంభించును. మల్టీకాస్టు పద్ధతియందు అదే యంత్రము 2 మెగాబిట్లు మాత్రమే పంపును. ప్రతి తీగపైనను ఒక్క ప్రతియే నడచును. వినువారు 400 మంది అయినను, 4,000 మంది అయినను పంపువాని భారము రవంతయు పెరుగదు.

గోదావరి, కృష్ణా డెల్టాలలో పుట్టి పెరిగినవారికి దీని స్వరూపము సులభముగా బోధపడును. ఆనకట్ట యొద్దనుండి పెద్దకాలువ బయలుదేరును. అది పిల్లకాలువలుగా చీలును. పిల్లకాలువలనుండి బోదెలు, బోదెలనుండి మడులు. నీరు కావలసిన దిక్కున తూము తెరచియుండును. అక్కరలేని దిక్కున మూయబడియుండును. ఒక్కొక్క మడికి ఆనకట్టనుండి వేరువేరుగ కాలువ త్రవ్వుకొని వచ్చువాడు లేడు. మల్టీకాస్టు మార్గము కూడ ఇట్టి శాఖోపశాఖల వృక్షమే. అయితే ఒక భేదము కలదు. నీరు చీలిన కొలది తరుగును. మాట చీలిన కొలది తరుగదు. చీలిక గల ప్రతి చోటను రౌటరు అను యంత్రము నిలిచి, వచ్చిన ప్యాకెట్టునకు ఎన్ని శాఖలున్నవో అన్ని ప్రతులు తీయును. ప్రతి తీయవలసినది మొదటనే కాదు, దారులు విడిపోవు చోట. ఈ శాస్త్రమునకు ఇది మొదటి సూత్రము.

ఈ సూత్రమునకు బీజము వేసినవారిలో భారతీయుడొకడు ఉండుట సంతోషింపదగిన విషయము. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్ళిన యోగేన్ దలాల్, ఈథర్నెట్ నిర్మాతగ ప్రసిద్ధుడైన రాబర్ట్ మెట్‌కాఫ్‌తో కలిసి 1978లో ఒక వ్యాసము ప్రకటించెను. ఒక ప్యాకెట్టును నెట్‌వర్కు అంతటికిని పంపునప్పుడు అది సుళ్ళు తిరుగకుండ ఎట్లు ఆపవలెను అనునది అందలి ప్రశ్న. దారులు మూడు వైపుల కలిసిన చోట, ప్రతి రౌటరును తనకు వచ్చినదానిని తక్కిన దిక్కులన్నిటికిని పంపినచో, ఒకే ప్యాకెట్టు ఊరి వదంతి వలె చుట్టి చుట్టి మరల మొదటికే వచ్చును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. వారు చెప్పిన విరుగుడు మిక్కిలి సులభమైనది. రౌటరు తన్ను తాను ఒక్క ప్రశ్న వేసికొనవలెను: “ఈ ప్యాకెట్టును పంపినవాని యొద్దకు నేనే పోవలసివచ్చినచో ఏ వాకిట బయలుదేరుదునో, ఇది ఆ వాకిటనే వచ్చినదా?” అవునన్న ముందునకు పంపవలెను, కాదన్న అక్కడనే పారవేయవలెను. దీనికి ఆర్.పి.ఎఫ్. పరీక్ష, అనగా వెనుకదారి పరీక్ష అని పేరు. సామాన్యమైన రౌటింగు ప్యాకెట్టు ఎక్కడకు పోవుచున్నదని చూచును. మల్టీకాస్టు రౌటింగు ప్యాకెట్టు ఎక్కడనుండి వచ్చినదని చూచును. ఈ దృష్టిభేదము పట్టుబడినవానికి తక్కినదంతయు క్రమముగ తెలియును.

ఆ బీజమును వృక్షముగ పెంచినవాడు స్టీవ్ డీరింగ్. అతడు స్టాన్‌ఫర్డులో పరిశోధక విద్యార్థిగ ఉన్న దినములలో, ఒక గదిలోని కంప్యూటర్లు ఒకే ఈథర్నెట్ తీగపై కలిసి మాటలాడుకొను ఏర్పాటు కలదు. ఆ కంప్యూటర్లు వేరువేరు నెట్‌వర్కులలో, నడుమ రౌటర్లతో ఉన్నప్పుడు కూడ అదే సౌకర్యము ఎట్లు కలిగింపవచ్చునన్న ప్రశ్న అతని జీవితమునకు ముఖ్య కార్యమయ్యెను. 1989లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1112 అను పత్రము అతడు వ్రాసినదే. 1991లో సమర్పించిన అతని సిద్ధాంతవ్యాసమునకు విషయము కూడ ఇదియే. తరువాతి కాలమున ఐ.పి. ఆరవ రూపమును రచించినవారిలో అతడు ఒకడు. ఆ రూపమునందు దండోరా పద్ధతి పూర్తిగ తొలగింపబడి, దాని పనులు మల్టీకాస్టునకే అప్పగింపబడినవి.

డీరింగ్ చేసిన గొప్ప మార్పు ఏమనగా, చిరునామాకు అర్థమునే మార్చుట. సామాన్యముగ చిరునామా ఒక ఇంటిది. ఇతడు చెప్పినది ఒక గోష్ఠి యొక్క చిరునామా. ఐ.పి. నాలుగవ రూపమున 224.0.0.0 మొదలు 239.255.255.255 వరకు గల చిరునామాలు ఏ యంత్రమునకును చెందవు. అవి మొత్తము 26 కోట్ల 84 లక్షలకు పైగ ఉన్నవి. ఒక్కొక్కటి ఒక గోష్ఠికి పేరు. పంపువాడు గోష్ఠి పేరున పంపును. ఆ గోష్ఠిలో ఎవరెవరున్నారో అతనికి తెలియదు, తెలియనక్కరలేదు. వినగోరువాడు తన సమీపమునందున్న రౌటరుతో “ఈ గోష్ఠిలో నన్ను చేర్పుము” అని చెప్పును. అంతటితో అతని బాధ్యత తీరును. చేర్పించుట శ్రోత చేతిలోనిది. విడుచుట కూడ శ్రోత చేతిలోనిదే.

ఈ చేరికకు వాడెడి భాష ఐ.జి.ఎం.పి. దీనిని పంక్తిభోజనముతో పోల్చుట తగును. వడ్డించువాడు పంక్తి వెంట నడచుచు “పప్పు ఎవరికి?” అని అడుగును. కావలసినవాడు చెయ్యి చూపును. ఎవరును చూపకున్న ఆ పాత్ర తరువాతి పంక్తికి పోవును. అట్లే రౌటరు కూడ, సాధారణముగ 125 సెకనులకొకమారు, “ఎవరికి ఏ గోష్ఠి కావలెను?” అని విచారించును. కావలసిన యంత్రములు పది సెకనులలోపల బదులు చెప్పవలెను. 1989 నాటి పద్ధతిలో ఒక పంక్తికి ఒక్కడు చెయ్యి చూపిన చాలును; తక్కినవారు ఊరకుండవచ్చును. 1997 నాటి రెండవ రూపమున, చాలించి లేచువాడు చెప్పి లేచు మర్యాద చేర్చబడెను. 2002 నాటి మూడవ రూపమున ఎవరికి వారే చెప్పుదురు. ఏ గోష్ఠి అనియే గాక, ఎవరి మాట కావలెనో కూడ చెప్పవచ్చును.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలసిన విషయము ఒకటి ఉన్నది. ఏ సచివాలయమునందైనను సర్క్యులరు క్రింద ప్రతులు పొందువారి జాబితా ఒకటి ఉండును. ఆ జాబితా పెరుగుటయే గాని తరుగుట అరుదు. బదిలీ అయినవాని పేరును, పదవీవిరమణ చేసినవాని పేరును, ఎత్తివేయబడిన సెక్షను పేరును అందు ఏండ్ల తరబడి నిలిచియుండును. పేరు చేర్చుటకు ఒక నోటు చాలును. తొలగించుటకు ధైర్యము కావలెను. మల్టీకాస్టు నిర్మాతలు ఈ మానవస్వభావమును ఎరిగినవారి వలె ఏర్పాటు చేసిరి. అందలి ఏ సభ్యత్వమును శాశ్వతము కాదు. మరల మరల అడిగి, మరల మరల బదులు వచ్చుచున్నంతవరకే అది నిలుచును. 260 సెకనులు బదులు రాకున్న ఆ పేరు తనంత తానే తొలగిపోవును. తొలగించుటకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు. నిలుపుకొనుటకే ప్రయత్నము కావలెను.

శ్రోత తన రౌటరుతో చెప్పుకొన్నాడు. ఇక రౌటర్లు తమలో తాము ఆ వృక్షమును ఎట్లు అల్లుకొనును? దీనికి పిమ్ అను భాష కలదు. అందు ముఖ్యముగ రెండు రీతులు: ఒత్తు రీతి, పలుచని రీతి. ఈ సంఘ సభ్యులకు దీనిని బోధించుటకు వేరు ఉపమానము వెదుకనక్కరలేదు. గుంటూరు జిల్లాలో తెలుగు మాటకు శ్రోత లేని వీధి ఉండదు. అక్కడ మాటను ముందు అంతటను పారించి, అక్కరలేనివారు తూము మూసికొనుడని చెప్పుట సులభము. ఇదియే ఒత్తు రీతి. ఢిల్లీ వంటి నగరమున తెలుగు కుటుంబములు రామకృష్ణపురమున నాలుగు, లోదీ కాలనీలో రెండు, కరోల్ బాగులో మూడు, ఇట్లు చెదరియుండును. ఆ కొన్ని ఇండ్లకొరకు మహానగరమంతటను దండోరా వేసి, తక్కిన లక్షల ఇండ్లవారిని తలుపులు మూసికొనుమనుట న్యాయము కాదు. చెదరియున్నవారే పూనుకొని అడుగవలెను. ఇదియే పలుచని రీతి. నేడు పెక్కు చోట్ల వాడుకలో ఉన్నది ఇదియే. దాని ప్రమాణపత్రము తుదిరూపమున 2016లో ఆర్.ఎఫ్.సి. 7761గ వెలువడినది.

అయితే పలుచని రీతికి ఒక చిక్కు కలదు. చెప్పువాడెక్కడ నున్నాడో వినువానికి తెలియదు. వినువారెక్కడ నున్నారో చెప్పువానికి తెలియదు. అడుగవలసినది ఎవరిని? ఇందుకు ఒక రౌటరును అందరికిని తెలిసిన కలయిక చోటుగ నియమింతురు. ఆంగ్లమున దానికి రాన్‌దేవూ పాయింటు అని పేరు. సంకేతస్థలము అని తెలుగున చెప్పినచో ప్రబంధములు చదివినవారికి వేరుగ వివరింపనక్కరలేదు. వినువాని రౌటరు ఆ సంకేతస్థలము వైపునకు చేరిక సందేశము పంపును. దారిలోని ప్రతి రౌటరును దానిని గుర్తుంచుకొని ముందునకు పంపును. చెప్పువాని రౌటరు మొదటి మాటలను కవరులో కవరు పెట్టినట్లు మూసి సంకేతస్థలమునకు చేర్చును. అక్కడ ఉభయులకును సంధానము కుదురును. కుదిరిన పిమ్మట, సంకేతస్థలమును చుట్టి పోవుటకంటె దగ్గరి దారి ఉన్నచో, వినువాని రౌటరు చెప్పువాని వైపునకు నేరుగ మరియొక చేరిక పంపి ఆ దారికి మారును. తెలుగు కుటుంబములు మొదట సంఘపు హాలులో కలిసికొని, పరిచయమైన తరువాత ఒకరి ఇంటికి ఒకరు నేరుగ పోవుట వంటిదే ఇది. పరిచయము కుదిరినదని హాలు వ్యర్థము కాదు. రేపు క్రొత్తగ బదిలీ అయి వచ్చువానికి దారి తెలిసినది ఆ హాలు ఒక్కటే.

ఇక నెట్‌వర్కును ఈ పద్ధతికి సిద్ధపరచు క్రమము. మొదటిది, సామాన్యపు రౌటింగు నిర్దోషముగ నడచుచుండవలెను. వెనుకదారి పరీక్ష దానిపైననే ఆధారపడినది. పునాది వంగిన గోడ నిలువదు. రెండవది, చెప్పువానికిని వినువారికిని సంకేతస్థలమునకును నడుమ గల ప్రతి రౌటరునందును మల్టీకాస్టు రౌటింగును మేల్కొల్పవలెను. సిస్కో యంత్రములలో ‘ఐపీ మల్టీకాస్ట్-రౌటింగ్’ అను ఒక్క పంక్తి ఇందుకు చాలును. మూడవది, ఆ దారిలోని ప్రతి వాకిటను ‘ఐపీ పిమ్ స్పార్స్-మోడ్’ అని వ్రాయవలెను. శ్రోతల వైపు వాకిళ్ళలో వ్రాసి, చెప్పువాని వైపు వాకిలిని మరచుట తరచు జరుగు పొరపాటు. నాలుగవది, సంకేతస్థలము చిరునామాను ప్రతి రౌటరునకును ఒకే రీతిగ తెలుపవలెను. ఒకనికి ఒక చోటును, వేరొకనికి వేరొక చోటును చెప్పినచో ఇరువురును వచ్చి వేచియుందురు గాని కలియుట మాత్రము ఉండదు. ఐదవది, గోష్ఠి పేరును 239తో మొదలగు చిరునామాలనుండి ఎన్నుకొనవలెను. అవి ఒక సంస్థ తన ప్రాకారములోపల వాడుకొనుటకై 1998లో విడదీయబడినవి. ప్రాకారద్వారమున ఆ పేరుగలది బయటకు పోకుండను, లోపలికి రాకుండను అడ్డు కట్టవలెను. ఆరవది, తుదిమెట్టునందున్న స్విచ్చిలు ఐ.జి.ఎం.పి. సంభాషణను చెవియొగ్గి వినునట్లు చేయవలెను. దీనిని స్నూపింగు అందురు. అది లేనిచో స్విచ్చి వచ్చిన మాటను తన వాకిళ్ళన్నిటికిని పంచును. రౌటర్లు ఇంత శ్రమపడి నివారించిన దండోరా తుదిగదిలో మరల మ్రోగును.

ఇన్నియు చేసినను ప్రయత్నము విఫలమగుట కలదు. అట్టి వైఫల్యములలో మూడింటిని చెప్పుకొనుట మేలు. అవి విద్యను బోధించునంతగ విజయములు బోధింపవు.

మొదటిది: చిత్రము ఒకే గదిలో చక్కగ కనబడును, ప్రక్క భవనమున కనబడదు. ప్రతి ప్యాకెట్టునకును ఎన్ని రౌటర్లు దాటవచ్చునో తెలుపు ఆయుఃపరిమాణము ఒకటి ఉన్నది, దానికి టి.టి.ఎల్. అని పేరు. మల్టీకాస్టు ప్యాకెట్లకు, పంపువాడు వేరుగ చెప్పనిచో, ఆ ఆయువు ఒక్కటే. మొదటి రౌటరు గడప యొద్దనే అది తీరిపోవును. రౌటర్లన్నిటిని గాలించి అలసిన తరువాత గాని, దోషము పంపెడి యంత్రములోని ఒక్క అంకెలోనిదని తెలియదు.

రెండవది: ఒక చోటికి రెండు దారులున్నవి, పిమ్ ఒక దారిననే మేల్కొల్పబడినది. సామాన్యపు రౌటింగు రెండవ దారి దగ్గరిదని నిర్ణయించినది. మాట మొదటి దారిన వచ్చును, వెనుకదారి పరీక్ష రెండవ దారిని చూపును, ప్యాకెట్టు పారవేయబడును. యంత్రము చెడలేదు, తీగ తెగలేదు. రెండు ఏర్పాట్లకు నడుమ ఏకవాక్యత లేదు. అట్టి సమయమున ‘షో ఐపీ ఆర్‌పీఎఫ్’ అని రౌటరును అడిగినచో తాను ఏ వాకిలి వైపు చూచుచున్నదో అది చెప్పును. ‘షో ఐపీ ఎమ్‌రూట్’ అని అడిగినచో ఏ గోష్ఠి ఏ వాకిట వచ్చి ఏ వాకిళ్ళలో పోవుచున్నదో పట్టిక చూపును.

మూడవది అన్నిటికంటె చమత్కారమైనది. రౌటరు ప్రమేయము లేని ఒకే నెట్‌వర్కున ప్రసంగము ఏర్పాటు చేయబడును. ప్రారంభమున అందరికిని చిత్రము కనబడును. నిర్వాహకులు తృప్తితో కుర్చీలలో కూర్చుందురు. నాలుగు నిమిషములు దాటి ఇరువది సెకనులగునప్పటికి ఒక్కొక్క తెరయు నిశ్చలమగును. కంప్యూటరును ఆపి మరల నడిపినచో చిత్రము వచ్చును. మరల నాలుగు నిమిషములకు పోవును. కంప్యూటర్లను నిందింతురు, తీగలు మార్తురు. దోషము వేరొక చోట ఉన్నది. యంత్రము చేరునప్పుడు ఒకమారు తనంత తానుగ చెప్పుకొన్నది. స్విచ్చి దానిని విని గుర్తుంచుకొన్నది. ఆపైన “ఎవరికి కావలెను?” అని అడుగువాడు అక్కడ లేడు. అడుగలేదు గనుక ఎవరును చెప్పలేదు. చెప్పలేదు గనుక 260 సెకనులకు స్విచ్చి మరచినది. వడ్డించువాడు అడుగుట మానినచో ఆకలిగొన్నవాడు కూడ మర్యాదకు మౌనముగ కూర్చుండును. స్విచ్చికే ఆ అడుగు బాధ్యతను అప్పగించుట సరియైన చికిత్స. స్నూపింగునే తీసివేయుట తప్పు చికిత్స. దానివలన చిత్రము నిలుచును గాని మరల దండోరా అయి నిలుచును.

ఈ విద్య లోకమున ఎంతవరకు వ్యాపించినది? 1992 మార్చిలో అమెరికాలోని శాన్ డియాగోలో ఇంటర్‌నెట్ ఇంజనీర్ల సభ జరిగెను. స్టీఫెన్ కాస్నర్, స్టీవ్ డీరింగ్ మొదలైనవారు ఆ సభలోని మాటలను మల్టీకాస్టు ద్వారమున మూడు ఖండములలోని 20 చోట్లకు ప్రత్యక్షముగ వినిపించిరి. నాటి రౌటర్లకు ఈ విద్య తెలియదు గనుక, తెలిసిన యంత్రములను అక్కడక్కడ నిలిపి, నడుమ తెలియని ప్రాంతములను కవరులో కవరు పద్ధతిన దాటించిరి. ఇట్లు ఏర్పడిన జాలమునకు ఎంబోన్ అని పేరు వచ్చెను. 1994 నవంబరు 18న డల్లస్ నగరమున రోలింగ్ స్టోన్స్ అను ప్రసిద్ధ గాయకబృందము తన కచేరీలో కొంతభాగమును దానిపై వినిపించెను. ఆనాడు వారికంటె ముందుగ, జీరాక్స్ పరిశోధనశాల ఇంజనీర్లు కూడిన ఒక చిన్న వాద్యబృందము, ఎవరును పిలువకుండగనే అదే జాలముపై తన పాట వినిపించి పోయెను. ద్వారపాలకుడు లేని సభలో ఎవరైనను వేదిక ఎక్కవచ్చునని లోకమునకు అప్పుడే తెలిసినది.

విశాలమైన ఇంటర్‌నెట్టున ఈ విద్య నిలువలేకపోవుటకు కారణము కూడ అందులోనే ఉన్నది. ఎవరైనను ఏ గోష్ఠికైనను పంపవచ్చును. ఎవరు ఎందరికి పంపుచున్నారో తెలియదు. ఒక్క ప్యాకెట్టు వేయి ప్రతులైనప్పుడు ఆ ఖర్చు ఎవరిదో లెక్క తేలదు. ఒక సంస్థ రౌటర్లు వేరొక సంస్థ గోష్ఠులను జ్ఞాపకముంచుకొనుటకు ఇష్టపడవు. అదియునుగాక, ప్రజలు ఒకే సమయమున ఒకే కార్యక్రమము చూచుట తగ్గి, ఎవరికి తోచినప్పుడు వారు చూచుట పెరిగినది. ఏకకాలమున వినువారు లేనిచోట మల్టీకాస్టునకు పని లేదు. అందువలన ఊరూర నకళ్ళు నిలువచేసి పంచెడి పద్ధతియే ఇంటర్‌నెట్టున రాజ్యమేలుచున్నది. 2020లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 8815, సంస్థలకు నడుమ ఎవరైనను పంపవచ్చునన్న పాత పద్ధతిని విడువుడని సలహా ఇచ్చినది. దానికి మారుగ, ఫలాని వక్త మాటయే కావలెనని శ్రోత పేరుపెట్టి అడుగు పద్ధతిని చెప్పినది. అందుకు 232తో మొదలగు చిరునామాలు కలవు. ఈ పద్ధతికి సంకేతస్థలమే అక్కరలేదు.

కాని ఒకే యాజమాన్యము క్రింద నున్న నెట్‌వర్కులలో ఈ విద్య చక్కగ బ్రతికియున్నది. టెలిఫోను సంస్థలు తమ తీగలపై అందించు టెలివిజనునందు ఛానలు మార్చుట అనగా ఒక గోష్ఠిని విడిచి వేరొక గోష్ఠిలో చేరుటయే. షేరుమార్కెట్లలో ధరలను సభ్యులకు తెలుపుటకు కూడ దీనిని వాడుదురు. అక్కడ ఇది ఆదా విషయము మాత్రమే కాదు, న్యాయము విషయము. ఒకే వార్తను వరుసలో ఒకరి తరువాత ఒకరికి పంపినచో, వరుసలో ముందున్నవానికి రెప్పపాటు ముందుగ తెలియును. ఆ బజారులో రెప్పపాటునకు కూడ వెల కలదు. మల్టీకాస్టునందు ప్రతి దారులు చీలు చోట తీయబడును గనుక ఆ వరుసయే ఉండదు. ఈ రెండు పద్ధతుల భేదము మన దేశమున సెబీ 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తరువునందు చర్చకు వచ్చెను. ఆ వ్యవహారము పిమ్మట అప్పిలేటు ట్రిబ్యునలు వరకు పోయినది.

ప్రభుత్వ కార్యాలయములవారు మరువరాని హెచ్చరిక ఒకటి కలదు. మల్టీకాస్టునందు చెప్పువానికి వినువారెవరో తెలియదు. అడిగినవానికెల్ల మాట అందును. అడుగువాని అర్హతను రౌటరు తనంత తానుగ విచారింపదు. కావున రహస్యమైనదానిని గుప్తలిపిలోనికి మార్చి, తాళపుచెవిని అర్హులకు మాత్రమే ఇచ్చిన తరువాత గాని గోష్ఠిపై పంపరాదు. అట్లే, పంపినది చేరినదా అని తిరిగి చెప్పు ఏర్పాటు కూడ ఇందు సహజముగ లేదు. అక్షరము పోరాని లెక్కలకును దస్తావేజులకును ఇది తగినది కాదు. రెప్పపాటు లోపమును సహింపగల చిత్రమునకును శబ్దమునకును తగినది.

ఉత్తరము ఒకరిని నమ్మును. దండోరా ఎవరిని నమ్మదు. ఈ మూడవ మార్గము శ్రోతను నమ్మును. కావలెనని అడుగు బాధ్యతను, అడుగుచునే ఉండు బాధ్యతను అతనిపై ఉంచును. తల్లిభాష మాటలాడువారు వీధికొకరుగ చెదరియున్న నగరములలో ఇటువంటి సంఘములు నడచునది కూడ ఈ ధర్మముపైననే. ఏటేట “ఎవరెవరు ఉన్నారు?” అని అడుగువాడొకడు ఉండవలెను. “మేమున్నాము” అని బదులు పలుకు ఇల్లు వీధికొకటియైన ఉండవలెను. అడుగువాడు మానినను, పలుకువాడు మానినను, ఏ ఉత్తరువును లేకుండగనే ఆ శాఖ ఎండును. పలికినంతకాలము, ఒక్క ఇంటికొరకైనను, మాట అంతదూరము వచ్చును.

స్వస్తి.